పెదనాన్న చిటికెన వేలు ముడుచుకుపోయింది, అల్నార్ పారడాక్స్ మాత్రం సరిపోవడం లేదు

మెడికో_మొదటి_ఏడాది
ఆదివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నేను ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం. మాకు ముంజేయి, అరచేయి డిసెక్షన్ పోయిన నెలే అయిపోయింది. వైవా కూడా బాగానే చెప్పాను. సెలవులకి ఇంటికొచ్చి మా పెదనాన్న చెయ్యి చూశాక చదివిందంతా కలగాపులగం అయిపోయింది.

పెదనాన్నకి 54 ఏళ్లు, టిఫిన్ సెంటర్ నడుపుతారు. కుడిచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు మెటికల దగ్గర వెనక్కి విరిగినట్టు ఉండి, ఆ పై కణుపుల దగ్గర లోపలికి ముడుచుకున్నాయి. మధ్య వేలు, చూపుడు వేలు మామూలుగానే ఉన్నాయి. చేతి వెనక, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉండే కండ కరిగి గుంట పడింది. ఎనిమిది నెలలుగా ఇంతేనట. చూపిస్తే నరాల బలహీనత అని బీ12 మాత్రలు రాశారు. అవే మింగుతున్నారు.

ఇది అల్నార్ క్లా, అంటే అల్నార్ నరం దెబ్బతిని వేళ్లు ఇలా వంకర తిరగడం అని తెలుస్తూనే ఉంది. మోచేయి లోపలి వైపు గుబ్బ వెనక తడిమితే నరం తాడులా లావుగా తగిలింది. నొక్కితే చిటికెన వేలి దాకా జివ్వుమందన్నారు. అంటే దెబ్బ మోచేయి దగ్గరే కదా. కానీ అల్నార్ నరం పైన దెబ్బతింటే వేళ్లు తక్కువ ముడుచుకుంటాయి, కింద మణికట్టు దగ్గర దెబ్బతింటే ఎక్కువ ముడుచుకుంటాయి, అదే అల్నార్ పారడాక్స్ అని కదా చదువుకున్నాం. ఈయనకి పైన దెబ్బతిన్నా ముడుత బాగా ఉంది. నేను ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

అనాటమీ_మాస్టారు
ఆదివారం, రాత్రి 11:05

అమ్మా, తప్పేమీ చేయలేదు. ముందు నరం దగ్గర చెయ్యి పెట్టి చూశావు, అది చాలామంది చేయరు.

ముడుత ఎందుకొస్తుందో ముందు నీ చేతి మీదే చూసుకో. మెటిక దగ్గర వేలిని ముందుకు వంచి, పై కణుపులు రెండూ నిటారుగా పెట్టు. ఆవకాయ కలిపేటప్పుడు ముద్దని వేళ్ల మొదళ్లతో నొక్కినట్టు. ఆ పని అరచేతిలోని చిన్న కండరాలు లంబ్రికల్స్, ఇంటరాసియై కలిసి చేస్తాయి. అవి పడిపోతే ఎదురు లేక వెనక ఉన్న కండరం ఎక్స్‌టెన్సర్ డిజిటోరం మెటికని వెనక్కి లాగేస్తుంది. ముందున్న కండరం ఫ్లెక్సర్ డిజిటోరం ప్రొఫండస్ వేలి కొసని లోపలికి లాగేస్తుంది. రెండు తాళ్లు రెండు వైపులకి లాగితే మధ్యలో వేలు వంకీ తిరుగుతుంది. చూపుడు, మధ్య వేళ్ల లంబ్రికల్స్‌కి నరం మీడియన్ నుంచి వస్తుంది కాబట్టి ఆ రెండూ బతికిపోతాయి.

ఇక పారడాక్స్. ప్రొఫండస్‌లో చిటికెన, ఉంగరం వేళ్ల వైపు సగానికి కూడా నరం అల్నారే. ఆ కొమ్మ మోచేయికి కాస్త కింద, ముంజేయి మొదట్లోనే విడిపోతుంది. నరం మోచేయి పైన పూర్తిగా తెగితే ప్రొఫండస్ సగం కూడా పడిపోతుంది, కొసని లోపలికి లాగే తాడే ఉండదు. అందుకే ముడుత తగ్గినట్టు కనిపిస్తుంది. జబ్బు పెద్దది, వంకర చిన్నది. నరం కోలుకుంటూ ప్రొఫండస్ లేచినప్పుడు వంకర పెరుగుతుంది, రోగి హడలిపోతాడు. అది మంచి గుర్తని అప్పుడు మనం చెప్పాలి.

కాకపోతే ఇదంతా నరం కత్తితో కోసినట్టు తెగిన సందర్భానికి. మీ పెదనాన్నగారిది తెగిన నరం కాదు, వాచిన నరం. దాని సంగతి ఆర్థో వాళ్లు చెబితే బాగుంటుంది.

ఎముకల_డాక్టరు_గుంటూరు
సోమవారం, ఉదయం 6:48

మాస్టారు వదిలిన దగ్గర అందుకుంటాను. నరం అంటే ఒకే తీగ కాదు, లోపల కట్టలు కట్టలుగా పోగులు ఉంటాయి. మోచేయి వెనక గాడిలో అల్నార్ నరంలో అరచేతి చిన్న కండరాలకి, చర్మ స్పర్శకి వెళ్లే పోగులు పైపైన ఉంటాయి. ముంజేతిలోని ప్రొఫండస్‌కి, ఫ్లెక్సర్ కార్పై అల్నారిస్‌కి వెళ్లేవి లోతుగా ఉంటాయి. బయట నుంచి నొక్కుడైనా వాపైనా ముందు దెబ్బ తగిలేది పైవాటికే. చేతి కండరాలు పోతాయి, ప్రొఫండస్ మిగులుతుంది. దెబ్బ మోచేయి దగ్గరే, ముడుత మాత్రం మణికట్టు దగ్గర తెగినట్టే ఉంటుంది. పారడాక్స్‌ని పట్టుకుని స్థానం చెప్పబోతే ఇలాంటి చోటే బోల్తా పడతాం.

స్థానం తేలాలంటే ఇంకో దారి ఉంది. అల్నార్ నుంచి చేతి వెనక వైపు చర్మానికి వెళ్లే కొమ్మ మణికట్టుకి నాలుగైదు వేళ్ల వెడల్పు పైనే విడిపోతుంది. దెబ్బ మణికట్టు దగ్గర అల్నార్ నరం వెళ్లే ఇరుకు దారి, గుయాన్ కాలువలో ఉంటే చేతి వెనక స్పర్శ బాగుంటుంది, చిటికెన వేలు అరచేతి వైపు మాత్రమే మొద్దుబారుతుంది. రెండు వైపులా మొద్దుబారితే దెబ్బ ఆ కొమ్మకి పైన ఉన్నట్టు.

రెండు పనులు చేసి చెప్పమ్మా. ఒకటి, కళ్లు మూయించి స్పర్శ. రెండు, బొటనవేలికీ చూపుడు వేలి పక్కకీ మధ్య కాగితం పెట్టి లాగి చూడు. బొటనవేలి కొస కణుపు వంగుతోందా?

బీడీల_ఇంటి_బిడ్డ
సోమవారం, ఉదయం 9:30

నడిమిట్ల వచ్చినందుకు ఏమనుకోకుండ్రి. మాది నిజామాబాద్ దిక్కు. మా అమ్మ 30 ఏండ్ల సంది బీడీలు చేస్తది. రాత్రి రెండు గంటలకు లేచి చేతులు జాడిస్తది, తిమ్మిర్లు, మంట అంటది. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు ఎక్కువ. చిటికెన వేలికి ఏం లేదంటది. ఈ నడుమ దారం చుట్టేటప్పుడు బీడీ జారిపోతున్నదట. ఇది గూడ గా పెద్దనాయిన లెక్కనేనా? మస్తు భయమైతున్నది.

చేతి_ఫిజియో
సోమవారం, మధ్యాహ్నం 1:15

చెల్లీ, మీ అమ్మది వేరే నరం. చిటికెన వేలికి ఏమీ లేదన్నావు చూడు, సగం సంగతి అక్కడే తేలింది. అది మీడియన్ నరం. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు గిన్నెలా అమరి ఉంటాయి, దాని మీద గట్టి పట్టీ మూతలా ఉంటుంది. ఆ ఇరుకులోంచి వేళ్లని వంచే తొమ్మిది స్నాయువులు, వాటితో పాటు మీడియన్ నరం వెళ్లాలి. రోజంతా వేళ్లు ఆడించే పనిలో స్నాయువుల పొరలు వాస్తాయి. ఎముకా సాగదు, పట్టీ సాగదు, నలిగేది నరమే. రాత్రి నిద్రలో మణికట్టు ముడుచుకుని పడుకుంటాం, ఇరుకు ఇంకా పెరుగుతుంది. అందుకే ఆ రెండు గంటల వేళ లేవడం, జాడించడం. చేతులు జాడిస్తే హాయిగా ఉంటుందని చెప్పడమే ఈ జబ్బుకి మంచి గుర్తు.

ఇంట్లో ఒకటి చూడు. బొటనవేలి మొదట్లో ఎత్తుగా ఉండే కండ రెండు చేతుల్లోనూ సమానంగా ఉందా, ఒకవైపు చదునైపోయిందా? అరచెయ్యి పైకి పెట్టి బొటనవేలు ఆకాశం వైపు లేపమని, నువ్వు వేలితో కిందికి నొక్కు. ఆగలేకపోతే ఆలస్యం చేయొద్దు. బీడీ జారుతోందంటే కండకి కూడా దెబ్బ మొదలైనట్టే. ఇంకో వింత ఏమిటంటే, బొటనవేలి మొదలు మీది చర్మంలో స్పర్శ బాగానే ఉంటుంది. ఆ చర్మానికి వెళ్లే కొమ్మ ఇరుకులోకి పోకుండా పట్టీ పైనుంచి వెళుతుంది.

షుగర్, థైరాయిడ్ పరీక్ష చేయించండి, రెండూ దీనికి తోడవుతాయి. రాత్రి పూట మణికట్టు తిన్నగా ఉండేలా స్ప్లింట్ కట్టుకోమను. తగ్గకపోయినా, కండ కరుగుతున్నా ఆ పట్టీని కోసి వదులు చేసే చిన్న ఆపరేషన్ ఉంది. కండ పూర్తిగా కరిగాక చేస్తే తిమ్మిరి తగ్గుతుంది గానీ బలం రాదు, అది గుర్తుపెట్టుకో.

మెడికో_మొదటి_ఏడాది
సోమవారం, సాయంత్రం 5:40

సార్, చూశాను. హోటల్ బిల్లు పుస్తకంలోంచి చీటీ చింపి రెండు చేతులకీ పెట్టాను. ఎడమ చెయ్యి బొటనవేలు తిన్నగానే ఉండి గట్టిగా పట్టుకుంది. కుడి బొటనవేలు కొస కణుపు దగ్గర గబుక్కున వంగింది. ఫ్రోమెంట్ సైన్ పుస్తకంలో బొమ్మగా చూశాను గానీ మనిషి చేతిలో చూడటం ఇదే మొదటిసారి. బొటనవేలిని చూపుడు వేలి వైపు నొక్కే అడక్టర్ పొలిసిస్ పని చేయక, బొటనవేలి కొసని వంచే, మీడియన్ నరం కింద ఉన్న ఫ్లెక్సర్ పొలిసిస్ లాంగస్‌తో నెట్టుకొస్తున్నారు.

స్పర్శ చిటికెన వేలికి రెండు వైపులా లేదు, ఉంగరం వేలికి సగం లేదు. చేతి వెనక అంచు కూడా మొద్దుగానే ఉంది. కాబట్టి మోచేయే.

విశ్రాంత_పారామెడికల్
సోమవారం, రాత్రి 8:20

నేను కుష్టు నివారణ విభాగంలో పారామెడికల్‌గా చేసి రిటైరైనవాణ్ణి. అమ్మా, మూడు ప్రశ్నలు అడుగుతాను, వెంటనే జవాబు రాయి. పెదనాన్నగారి ఒంటి మీద రంగు తగ్గిన మచ్చ గానీ, కాస్త ఎర్రబడిన మచ్చ గానీ ఉందా? వీపు, పిరుదులు, మోచేయి వెనక కూడా పగటి వెలుగులో చూడాలి. మచ్చ మీద వెంట్రుకలు, చెమట ఉన్నాయా? ఆ చేతికి కాలినా తెగినా ఆయనకి తెలుస్తోందా?

మెడికో_మొదటి_ఏడాది
మంగళవారం, ఉదయం 8:02

పెదనాన్నకి మా వీధిలో వేడి తెలియని చెయ్యి అని పేరండి. ఆవిరి కక్కుతున్న ఇడ్లీ పాత్ర మూత గుడ్డ లేకుండా తీసేస్తారు. చిన్నప్పుడు మేం పిల్లలందరం చుట్టూ చేరి ఆ చెయ్యి పట్టుకుని చూసేవాళ్లం. గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఈ ఉదయం ఆ చేతి అంచున రూపాయి బిళ్లంత బొబ్బ కనపడింది. ఎప్పుడు కాలిందని అడిగితే, కాలిందా అని ఆయనే చెయ్యి తిప్పి చూసుకున్నారు.

కుడి మోచేయికి పైన, చేతి వెనక ఒక మచ్చ ఉంది. చుట్టుపక్కల చర్మం కంటే పాలిపోయి, అంచు తేలి, మీద వెంట్రుకలు లేకుండా ఉంది. తామర అనుకుని మందు రాస్తున్నారట. దూదితో తాకితే తెలియలేదు.

ఆ పేరు నాకు తెలుసండి. రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇంట్లో ఎలా చెప్పాలి?

విశ్రాంత_పారామెడికల్
మంగళవారం, ఉదయం 9:10

తల్లీ, ముందు ధైర్యం తెచ్చుకో. ఖాయం చేయాల్సింది పీహెచ్‌సీ డాక్టరుగారు, ఇక్కడ మేం కాదు. కానీ రేపటికి వాయిదా వేయకుండా వెళ్లండి.

స్పర్శ లేని పాలిపోయిన మచ్చ, లావెక్కిన నరం, ఆ నరం పాలించే చోట మొద్దుబారడం, బలం తగ్గడం. ఇవి ఒకేచోట కలిస్తే మేం ముందు కుష్టుని అనుమానించాలని నేర్చుకున్నాం. ఆ సూక్ష్మజీవికి ఒంట్లో చల్లగా ఉండే చోట్లు ఇష్టం. మోచేయి వెనక అల్నార్ నరం చర్మానికి అంటుకున్నట్టు పైపైనే ఉంటుంది, అందుకే ఈ జబ్బులో ఎక్కువగా దెబ్బతినే నరం అదే. తర్వాత మణికట్టు పైన మీడియన్. మణికట్టుని పైకెత్తే రేడియల్ చాలా అరుదు.

మేం ఊళ్లలో ఏ యంత్రాలూ లేకుండానే పరీక్ష చేసేవాళ్లం. బాల్‌పెన్ను మొనతో చర్మం మీద చిన్న గుంట పడేంతే తాకించాలి, గీయకూడదు. కళ్లు మూసుకున్న మనిషి రెండో చేతి వేలితో ఆ చోటే చూపించాలి. బలానికి మూడు పరీక్షలు. చిటికెన వేలు పక్కకి చాచితే అల్నార్, బొటనవేలు పైకి లేపితే మీడియన్, పిడికిలి బిగించి మణికట్టు పైకెత్తితే రేడియల్. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు ఎనిమిది నెలల కింద ఎవరైనా పెట్టి ఉంటే అని బాధగా ఉంది. 2005 చివరికి దేశం మొత్తం మీద పదివేల మందికి ఒక కేసు కంటే తగ్గిందని ప్రకటించారు, నిజమే. దాంతో జబ్బే పోయిందనుకున్న వాళ్లు డాక్టర్లలోనూ ఉన్నారు.

ఇంట్లో ఇలా చెప్పు. మందు ఉచితం. ఎండీటీ బిళ్లలు (కుష్టుకి కలిపి ఇచ్చే మందులు) మొదలుపెట్టాక త్వరలోనే ఇంకొకరికి అంటించే గుణం పోతుంది. విడిగా కంచం, విడిగా గది ఏమీ అక్కర్లేదు. ఇంట్లో అందరి ఒంటి మీదా మచ్చలు చూపించుకోండి, అది ముఖ్యం. ఇంకొక్క మాట. ఈ జబ్బుతో వేళ్లు కుళ్లి రాలిపోతాయని జనం అనుకుంటారు, అది అబద్ధం. 1940ల చివర నుంచి వేలూరు సీఎంసీలో డాక్టర్ పాల్ బ్రాండ్ రోగుల చేతుల్ని ఏళ్ల తరబడి గమనించి తేల్చిన విషయం ఇది. నొప్పి తెలియక కాలడం, తెగడం, ఆ పుండు పట్టించుకోకుండా అదే చేత్తో పని చేయడం, అది చీముపట్టి ఎముకలోకి దిగడం, వేళ్లు పోయేది అలా. అంటే ఆపగలిగేదే.

మోడరేటర్
మంగళవారం, ఉదయం 10:00

పెదనాన్నగారి చేతి ఫోటో తీసేశాను. ఉంగరం మీద పేరు కనపడుతోంది. చర్చ కొనసాగించండి.

ఎడమచేతి_రాత
మంగళవారం, రాత్రి 9:55

ఈ చర్చ చదువుతూ నా కుడి చెయ్యి చూసుకున్నాను. నా వేళ్లూ ముడుచుకునే ఉంటాయి, కారణం మాత్రం నరం కాదు. ఏడేళ్లప్పుడు చెట్టు మీంచి పడితే మోచేయి పైన ఎముక విరిగింది. దగ్గర్లో ఒకరి దగ్గర వెదురు బద్దలు పెట్టి గట్టిగా కట్టు కట్టించారు. రాత్రంతా ఏడ్చానట. వేళ్లు వాచాయి, అమ్మ వాటిని చాపబోతే కేకలు పెట్టానట. ఎముక విరిగితే నొప్పి ఉండదా, ఓర్చుకోమన్నారు. మూడో రోజు కట్టు విప్పేసరికి నొప్పి లేదు, వేళ్లు కదల్లేదు.

పెద్దయ్యాక ఒక డాక్టరుగారు వివరంగా చెప్పారు. ముంజేతి కండరాలు గట్టి పొరల గదుల్లో ఉంటాయని, వాపు ఆ గదిలో పెరిగితే రక్తం అందక కండ చచ్చి తాడులా కుంచించుకుపోతుందని. దీన్ని 1881లో ఫోక్‌మన్ అనే జర్మన్ సర్జన్ రాశాడట. నా మణికట్టు కిందికి వంచితే వేళ్లు తెరుచుకుంటాయి, మణికట్టు పైకెత్తితే మళ్లీ మూసుకుంటాయి. పొట్టి తాడుకి ఒక చోట వదులిస్తే ఇంకో చోట సాగుతుంది, అంతే.

పిల్లలకి కట్టు కట్టించేవాళ్లకి చెప్పండి. కట్టు తర్వాత నొప్పి తగ్గాలి, పెరగకూడదు. వేలు మెల్లగా చాపితేనే ప్రాణం పోయేంత నొప్పి అంటే అర్ధరాత్రైనా కట్టు విప్పించాలి.

ఎముకల_డాక్టరు_గుంటూరు
మంగళవారం, రాత్రి 10:30

పైన రాసినవారికి నమస్కారం. విద్యార్థులు ఈ పోస్టు దాచుకోండి. దీనికి ఒక్కటే కలుపుతాను. నాడి కొడుతోంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. గదిలో ఒత్తిడి సన్నటి రక్తనాళాల్ని మూసేసినా మణికట్టు దగ్గర నాడి దొరుకుతూనే ఉండొచ్చు. ముందు దెబ్బతినేవి ఎముకని ఆనుకుని లోతుగా ఉన్న ప్రొఫండస్, ఫ్లెక్సర్ పొలిసిస్ లాంగస్. వేళ్లు చాపితే నొప్పి అందుకే. పొరలు కోసి ఒత్తిడి వదిలించడానికి మన చేతిలో ఉండేది కొన్ని గంటలే.

డయాలసిస్_టెక్నీషియన్
బుధవారం, ఉదయం 7:20

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు పనిచేస్తున్నాను. ముంజేయి గురించి మాట్లాడుకుంటున్నారు కాబట్టి ఒక విన్నపం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి సెలైన్ పెట్టాల్సి వస్తే అరచేతి వెనక సిరలు (రక్తనాళాలు) వాడండి, ముంజేతి సిరలు వదిలేయండి. డయాలసిస్ కోసం మణికట్టు దగ్గర రేడియల్ ధమనికి సెఫాలిక్ సిరని కలిపి ఫిస్టులా చేస్తారు, 1966 నుంచి ఉన్న పద్ధతి ఇది. ఆ సిర సూదులతో గట్టిపడిపోయి ఉంటే ఫిస్టులా పట్టదు. మా దగ్గరికి రెండు ముంజేతులూ సూది మచ్చలతో నిండిన వాళ్లు వస్తారు. అప్పుడు మెడలో గొట్టంతో నెట్టుకురావాలి.

ప్లాస్టిక్_సర్జరీ_పీజీ
బుధవారం, రాత్రి 11:48

డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. ముడుచుకున్న వేళ్ల సంగతి అడిగిన చెల్లికి. కణుపులు బిగుసుకోకపోతే ఆపరేషన్‌తో చాలావరకు తిన్నగా చేయొచ్చు. మెటికలని నువ్వు వెనక్కి పోకుండా పట్టుకుని, వేళ్లు చాపమని చెప్పు. పై కణుపులు చాచగలిగితే వెనక స్నాయువులు బాగున్నట్టే. బ్రాండ్ పద్ధతుల్లో ఒకటి చెబుతాను, నాకు ఎప్పుడు చదివినా ఒళ్లు పులకరిస్తుంది. మణికట్టుని పైకెత్తే స్నాయువుల్లో ఒకదాన్ని తీసి, కాలిలోని ప్లాంటారిస్ స్నాయువుతో పొడిగించి, నాలుగు తోకలుగా చీల్చి, ఒక్కో తోకని ఒక్కో వేలికి కుడతారు. మణికట్టుకి పనిచేసిన కండ వేళ్లకి లంబ్రికల్ పని చేయడం నేర్చుకుంటుంది. నేర్పేది ఫిజియోనే, సర్జన్ కాదు.

అదంతా మందు పూర్తయి నరం శాంతించాకే. ఈలోగా కణుపులు బిగుసుకోకుండా చూసుకోవాలి.

చేతి_ఫిజియో
గురువారం, ఉదయం 6:15

అవును. రోజూ గోరువెచ్చని నీళ్లలో చెయ్యి నానబెట్టి, నూనె రాసి, తొడ మీద చెయ్యి వెల్లకిలా పెట్టి రెండో చేత్తో వేళ్లని మెల్లగా చాపాలి. నీళ్ల వేడి మాత్రం ఎడమ చేత్తో చూడమను, కుడి చేత్తో కాదు.

బీడీల_ఇంటి_బిడ్డ
శనివారం, సాయంత్రం 4:05

ఫిజియో అక్కా, అమ్మను చూపిచ్చినం. మీరన్నట్టే మణికట్టు కాడ నరం నలుగుతున్నదన్నరు. థైరాయిడ్ గూడ బయటవడ్డది. బొటనవేలి కండ ఇంకా కరగలేదట. రాత్రికి స్ప్లింట్ కట్టుకుంటున్నది, నిన్న రాత్రి లేవలేదు.

మెడికో_మొదటి_ఏడాది
పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 9:30

అందరికీ చెప్పాలని వచ్చాను. పీహెచ్‌సీకి వెళ్లిన రోజే జిల్లా ఆసుపత్రికి పంపారు. కుష్టే అని ఖాయం చేశారు. ఒకే నరం, రెండు మచ్చలు. రెండోది వీపు మీద ఉంది, ఎవరమూ చూడలేదు. ఆరు నెలల మందు మొదలైంది. నరం నొక్కితే ఇంకా నొప్పి ఉంది కాబట్టి వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసలోన్ కూడా ఇచ్చారు. బలం ఎంత తిరిగొస్తుందో మాట ఇవ్వలేమన్నారు. ఇంట్లో అందరికీ పరీక్ష చేశారు, ఎవరికీ ఏమీ లేదు.

ఇంట్లో నేనే చెప్పాను. పెద్దమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి ఎప్పటిలాగే ఆయన కంచంలోంచే ఒక ముద్ద తీసుకుని తింది.

హోటల్లో ఇప్పుడు పెనం పక్కన మందపాటి గుడ్డలు రెండు వేలాడుతున్నాయి. గరిటెలకి చెక్క పిడులు వేయించాం. రాత్రి కొట్టు కట్టేశాక పెదనాన్న లైటు కింద కూర్చుని రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంటారు, ఎక్కడైనా ఎర్రగా ఉందా, బొబ్బ ఉందా అని. ఆయనకి కనపడని అంచు నేను చూస్తాను. నేను కాలేజీకి వెళ్లాక ఆ పని మా తమ్ముడిది. వాడికి బాల్‌పెన్ను పరీక్ష నేర్పించాను. నిన్న వాడు ఉంగరం వేలి లోపలి అంచున తాకిస్తే పెదనాన్న కళ్లు మూసుకునే సరిగ్గా ఆ చోటే చూపించారు. పోయిన వారం అక్కడ తెలియలేదు.